బోణీ పేరు

నమోదు 1. మంగళవారం. ఆఖరి లాంచీకి పందొమ్మిది రోజులు.

సొరుగు అడుగున ఒక ఖాళీ రిజిస్టరు దొరికింది. మొదటి పేజీ మీద ఎవరో ఎర్ర సిరాతో "ఇందులో ఏమీ రాయరాదు" అని రాశారు. ఆ ఆజ్ఞను రాసినవాళ్ళే ముందు ఉల్లంఘించారు కాబట్టి రెండో ఉల్లంఘనకు నేను సాహసిస్తున్నాను.

నా పేరు వనమాలి. లంకల జిల్లా నేర చరిత్ర శోధన కార్యాలయంలో రెండో కిటికీ నాది. ఎం.ఏ. చరిత్ర చదివాను. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు చరిత్రకు ముందు 'నేర' అనే రెండక్షరాలు తగిలించారు. నా చదువుకు వాళ్ళు చేసిన అపచారం అంతకుమించి లేదు.

మా జిల్లాలో ఒక మనిషి నేర చరిత్ర వెతికే విధానాన్ని భావి తరాల కోసం, అంటూ ఉంటే, ఇక్కడ భద్రపరుస్తున్నాను. ముందు రేవు దాకా సాగిన వరసలో నిలబడాలి. గొడుగు ఎవరిది వాళ్ళదే, ఎండ మాత్రం ప్రభుత్వానిది. కిటికీ దగ్గరికి వచ్చాక పేరు, తల్లి పేరు, పుట్టిన లంక చెప్పాలి. నేను మీటలు నొక్కుతాను. అప్పుడు 'శోధనకు కారణం' అనే గడి తెరుచుకుంటుంది. అందులో ఏడు కారణాలుంటాయి. ఒకటి ఎంచుకుంటే తప్ప యంత్రం కదలదు. ఆ తరవాత కాగితం వస్తుంది. తెల్లదైతే మునుగుతున్న ఈ లంకలు వదిలి మెట్ట జిల్లాకు లాంచీ ఎక్కవచ్చు. ఎర్రదైతే ఎక్కకూడదు. ఆఖరి లాంచీ వెళ్ళిన మర్నాడే ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటుకు కరెంటు ఆపేస్తారు కనక కాగితం రంగు మీద జనానికి కొంత ఆసక్తి ఉంది.

పది గంటలకు కిటికీ తెరిచే ముందు బోణీ చేయాలి. ఇది నిబంధనల్లో లేదు. మొదటి కిటికీలో కూర్చునే మా సీనియరు వీరభద్రం గారు నేర్పారు. "ఒరేయ్ అబ్బాయ్, పొద్దున్నే మొదటి శోధన దొంగ వెధవ మీద పడిందనుకో, రోజంతా దొంగ వెధవలే తగుల్తారు. బోణీ మంచి పేరు మీద పడాలి" అని ఆయన సిద్ధాంతం. పదకొండేళ్ళ కింద, రెండో కిటికీ ఆయనదై ఉన్న రోజుల్లో, ఆయనకు ఒక పేరు తగిలిందట. కేసు లేదు, జరిమానా లేదు, పశువు పక్క చేలో పడిందన్న ఫిర్యాదు కూడా లేదు. ఆ రోజు ఒక్క గొడవా లేకుండా మూడింటికల్లా ఇంటికి వెళ్ళారట. అంతే, అప్పటి నుంచి ఆ పేరే బోణీ.

కడలి మంగతాయారు. తల్లి సుభద్ర. పుట్టినది కొత్తరేవు లంక.

తొమ్మిదేళ్ళు ఆయన చేశారు. రెండేళ్ళుగా నేను చేస్తున్నాను. ఆవిడ ఎవరో నాకు తెలియదు. కారణం గడిలో 'గోప్యం' నొక్కుతాం, ఎందుకంటే జాబితాలో అదే మొదటిది, పైగా మిగతా ఆరింటికీ మూడేసి వాక్యాల వివరణ రాయాలి. ఇవాళ కూడా చేశాను. రోజు సవ్యంగా గడిచింది. గొడవ పడినవాళ్ళు నలుగురే.

నమోదు 2. గురువారం. పదిహేడు రోజులు.

నిన్న మెట్ట నుంచి కొత్త యంత్రం వచ్చింది. దాని పేరు తీర్పరి. పాతది కేసులు చూపించి ఊరుకునేది. ఇది ఆలోచిస్తుందట. ఆఫీసులో ఆ పని మొదలుపెట్టిన మొదటి ఉద్యోగి ఇదే కావడం వల్ల మేము లేచి నిలబడి గౌరవించాం.

మధ్యాహ్నం ఒక జంట కిటికీ దగ్గరికి వచ్చింది. ఆయనకు అరవై దాటి ఉంటాయి, సన్నగా, చొక్కా జేబులో చక్కెర జబ్బు సూదిమందు పెట్టె. ఆవిడ చేతివేళ్ళ నిండా వలదారం కోసిన గీతలు.

"నాది ముందు కొట్టండి బాబూ" అన్నాడాయన. "ఎర్రదొత్తే ఇద్దరం నవ్వుకుని ఇంటికెల్లిపోతాం."

"ఎందుకొస్తుందండీ ఎర్రది?"

"ఎందుకేటండి, ఇరవై నాలుగో ఏట పడవ మోటారు ఎత్తేశాను కదా. నాలుగు నెల్లు జైల్లో చిప్పకూడు. ఆయ్."

"గొప్పగా చెప్తన్నాడు చూడండి" అంది ఆవిడ. "మోటారు ఎత్తినోడు పడవ కూడా ఎత్తాలి కదండీ. మోటారు బుజానేసుకుని ఏట్లో ఈదుకుంటా దొరికాడు."

పేరు కొల్లాబత్తుల సత్తిరాజు. కొట్టాను. ఇరవై ఏళ్ళు దాటిన కేసులు తీర్పరి చెరిపేస్తుంది. మల్లెపువ్వులాంటి తెల్ల కాగితం వచ్చింది.

"దొంగమొకానికి తెల్ల కాయితం!" ఆవిడ వెనక్కి తిరిగి వరస మొత్తానికీ వినిపించేలా అంది. "చూసుకోండర్రా!" వరస నవ్వింది. ఈ ఎండలో వరస నవ్వడం నేను ఇదే చూడడం.

"ఇప్పుడు మీదండీ. పేరు?"

"కడలి మంగతాయారండి. మా అమ్మ పేరు సుభద్ర."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రోజూ దండం పెట్టుకునే దేవత రేషన్ సంచీతో వచ్చి కిటికీ ముందు నిలబడితే ఎవరైనా ఏం చేస్తారు? "మీరాండీ! కొత్తరేవు లంకేనా?" అన్నాను.

"నన్నెరుగుదురా బాబూ?"

"ఎరగడమంటే..." అని చేతులు తుడుచుకుని, మీటలు ఒత్తి, కాగితం కోసం చెయ్యి చాపాను. కళ్ళకద్దుకుని ఇద్దామనుకున్నాను.

ఎర్రది.

తీవ్ర అనుమానితురాలు. కేసులు: సున్నా. మొత్తం శోధనలు: 3,215. అందులో గోప్యం: 3,214.

నిప్పు లేనిదే పొగ రాదన్నది తీర్పరి తత్వం. ఇన్ని వేల సార్లు ఒక మనిషిని గుట్టుగా వెతికారంటే ఆ మనిషిలో ఏదో ఉండే ఉంటుందని అది ఆలోచించింది. అదే దాని ఉద్యోగం.

"సున్నా అంటే ఏమీ లేనట్టే కదండీ?" అంది ఆవిడ.

"లేనట్టేనండి."

"మరి ఎరుపెందుకండి?"

సత్తిరాజు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం చేశావే? నాకు చెప్పకుండా ఏం చేశావు?" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

సోమవారం రమ్మన్నాను. యంత్రం కొత్తది, అలవాటు పడాలి అన్నాను. అబద్ధమాడే కళలో మా విభాగం శిక్షణ ఇవ్వలేదు. సొంత ప్రతిభ మీద నెట్టుకొచ్చాను.

నమోదు 3. శనివారం. పదిహేను రోజులు.

ఆ 3,214 శోధనల జాబితా తీశాను. అన్నీ ఒకే చోటి నుంచి: రెండో కిటికీ. అన్నీ ఒకే వేళకు: ఉదయం పది. జాబితా తీయడం కూడా శోధనే కాబట్టి లెక్క 3,216 అయింది. తప్పు దిద్దమని అర్జీ పెట్టాను. 3,217. అర్జీ అందిందో లేదో చూశాను. 3,218. గోతిలో పడ్డ మనిషిని చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ దోసెడు మట్టి కాళ్ళతో లోపలికి తోస్తున్నట్టుంది. తోస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఎవర్నీ నిందించే సదుపాయం కూడా లేదు.

సాయంత్రానికి జవాబు వచ్చింది. ఆ శోధనలు అకారణంగా చేసినవని, చేసిన ఉద్యోగులిద్దరూ విడివిడిగా సాక్ష్యమిస్తే పరిశీలిస్తారట.

వీరభద్రం గారు అప్పటికే బీరువాలోంచి తన టిఫిను డబ్బాలు, పదకొండేళ్ళ కేలండర్లు సంచీలో సర్దుతున్నారు. ఆయనకూ భార్యకూ రేపటి లాంచీలో చోటుంది.

"గురువుగారూ, ఒక్క సంతకం" అన్నాను.

"అకారణంగా గోప్యశోధన చేస్తే ఏ సెక్షనో తెలుసురా నీకు?"

"తెలుసండి. ఆ సెక్షను కింద కాగితాలిచ్చేది మనమే కదా."

"మరింకేం. నా కాగితం ఎర్రబడ్డాక ఆవిడది తెల్లబడుతుందనుకో. అప్పుడు లాంచీలో ఆవిడ కూర్చుంటుంది, గట్టు మీద నేను కూర్చుంటాను. మా ఆవిడకి ఏమని చెప్పను? బోణీ బాగా కుదిరిందని చెప్పనా?"

"ఆవిడ ఏమీ చెయ్యలేదండీ."

"అందుకే కదరా ఆ పేరు ఎంచుకున్నాను!" అని అరిచి, అరిచినందుకు తనే బెదిరి, తలుపు దగ్గరకు వేశారు. కాసేపటికి మెల్లగా అన్నారు. "తొమ్మిదేళ్ళు, అబ్బాయ్. పొద్దున్నే ఆ పేరు కొడితే మనసు నిమ్మళంగా ఉండేది. ఆవిడకి చెడు చేస్తున్నానని కల్లోనైనా అనుకున్నానా?"

అనుకోలేదు. నేనూ అనుకోలేదు. సంచీ బరువుగా ఉంటే రేవు దాకా నేనే మోసుకెళ్ళి ఇచ్చాను. సభ్యత ఎక్కడ ఆపాలో చదువులో చెప్పరు.

నమోదు 4. సోమవారం. పదమూడు రోజులు.

ఆ భార్యాభర్తలు ఆఫీసుకు వచ్చేలోపే నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఇల్లు గట్టు మీద, చివర నుంచి మూడోది. మొదటి రెండూ పోయిన నెల సముద్రంలోకి వెళ్ళాయి. మంగతాయారు గారు గుమ్మంలో కూర్చుని వల బాగు చేస్తున్నారు. ఇక్కడ చేప ఆనవాలు పోయి ఏడేళ్ళయింది. ఎందుకండీ అంటే, చిరుగు చూస్తా కూర్చోలేనండి అన్నారు.

మొత్తం చెప్పేశాను. మధ్యలో రెండు జోకులు వేయబోయి మానుకున్నాను. ఇది నా సర్వీసులో మొదటిసారి.

ఆవిడ సూది ఆపలేదు. "రోజూనా?" అంది.

"ఆదివారాలు, పండగలు తప్పించండి."

"రోజూ పదింటికేనా?"

"ఆయ్."

"అదన్నమాట!" ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "రోజూ చద్దన్నం తినేటప్పుడు పొలమారేది, చెప్పలేదా నీకు? ఎవరో తలుచుకుంటన్నారనేదాన్ని. ఎవరబ్బా, ఎవరబ్బా అని పదేళ్ళు ఆలోచించాను."

"నేననుకున్నావేమో" అన్నాడు సత్తిరాజు.

"నువ్వెందుకు తలుచుకుంటావు, పక్కనే కూకుని నా కంచంలో ఉల్లిపాయ ముక్క తీసుకుంటా ఉంటివి."

ఇద్దరూ నవ్వారు. నేను తిట్లకు సిద్ధపడి వచ్చాను, నవ్వుకు సిద్ధపడలేదు. కళ్ళు కిందికి దించుకుని వల కన్నాలు లెక్కపెట్టాను. కాసేపటికి సత్తిరాజు నవ్వు ఆపి నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, చెయ్యి వణుకుతోంది, చక్కెర తగ్గినట్టుంది. "దానికేమైనా అయితే నిన్ను ఈ గట్టు కింద పాతేత్తాను" అన్నాడు.

"ఇంకో కేసు పెట్టించుకుంటావా? కాయితం తెల్లదే ఉండనీ" అని ఆవిడ లేచి అతని నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

నమోదు 5. బుధవారం. పదకొండు రోజులు.

నా నేరాన్ని నేనే ఒప్పుకున్నాను. మూడు పేజీలు రాశాను. మొదటి పేజీలో బోణీ అంటే ఏమిటో వివరించాను: పొద్దున్నే కూరగాయల బండివాడు మొదటి బేరం ఎందుకు వదులుకోడో, ఆటోవాడు మొదటి ప్రయాణికుణ్ణి చూసి ఎందుకు నవ్వుతాడో, అందులో ద్వేషం ఎందుకు ఉండదో. నా ఎం.ఏ. థీసిస్ ఇంత బాగా రాసి ఉంటే నాకు లెక్చరరు పోస్టు వచ్చేది, ఇవాళ ఈ బాధ తప్పేది.

పదకొండు సెకన్లలో జవాబు. (ఒప్పుకోలు నమోదుతో శోధనలు 3,219.)

ఒకటి: అకారణ గోప్యశోధన నేరం కనక వనమాలి కాగితం ఎర్రబడింది. రెండు: ఎర్ర కాగితం గలవారి సాక్ష్యం చెల్లదు కనక కడలి మంగతాయారు స్థితిలో మార్పు లేదు. మూడు: రెండో ఉద్యోగి సాక్ష్యం అందలేదు. నాలుగు: ఆమె పేరు మీద వరసగా మూడేళ్ళు ఏ శోధనా జరగకపోతే తీర్పు దానంతట అదే తెల్లబడుతుంది.

ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. రెండో అంశం చదివినప్పుడు నిజంగా చప్పట్లు కొట్టాను. ఆఫీసులో ఒక్కణ్ణే ఉండటం వల్ల ఆ చప్పుడు కాస్త ఎక్కువగా వినిపించింది.

ఆ గురువారం నుంచే బోణీ మానేశాను. ఇప్పుడు పది గంటలకు కిటికీ తెరిచి ఊరికే కూర్చుంటున్నాను. మా అమ్మానాన్నలు లేరు. మెట్టలో నా కోసం ఎదురుచూసేవాళ్ళూ లేరు. అందువల్ల నా త్యాగం గురించి ఎక్కువ చెప్పుకుంటే అది మోసమవుతుంది.

నమోదు 6. ఆదివారం. ఆఖరి లాంచీ.

సత్తిరాజు ఎక్కనన్నాడు.

రేవు ఇనుప కటకటాల దగ్గర గంటసేపు ఇదే. ఆయన సూదిమందు చల్లని పెట్టెలో ఉండాలి. రేపటి నుంచి లంకలో చల్లని పెట్టెలకు కరెంటు ఉండదు. మందు ఉన్నది మెట్ట ఆసుపత్రిలో. ఇక్కడ ఉంటే ఆయనకు పది రోజులని ఆయనకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

"నేను లేకపోతే నీళ్ళెవరు మోత్తారే?"

"ఎప్పుడు మోశావు నువ్వు? నీ మోటారే నువ్వు మొయ్యలేకపోతివి."

"నువ్వు లేకుండా ఆ మెట్ట మీద ఏం చెయ్యను?"

"సూది వేయించుకో. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యలో ఎవరితోనైనా దెబ్బలాడు, పొద్దు పోతాది."

తెల్ల కాగితం వెనక షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. చదివి వినిపించే బాధ్యత నాది. ఇవాళ వాడని కాగితం రేపు చెల్లదు. కొత్తగా వెళ్ళినవాళ్ళకు ఏడాది పరీక్షాకాలం, ఆ ఏడాదిలో లంక నుంచి వాళ్ళ పేరు మీద ఒక్క శోధన జరిగినా వెనక్కి పంపేస్తారు.

"అంటే నేనీయన్ని వెతకకూడదన్నమాట" అంది మంగతాయారు గారు.

"ఒక్కసారి కూడా వెతక్కూడదండీ."

"మరి నేను?" అన్నాడు సత్తిరాజు. "నేను దీన్ని వెతికితే?"

"ఆవిడకి మూడేళ్ళ గడువుంది కదండీ. మీరు ఎప్పుడు వెతికితే అప్పుడు ఆ మూడేళ్ళు మళ్ళీ మొదటికొస్తాయి."

"అయితే వెతకను" అన్నాడు. చాలా గట్టిగా అన్నాడు. ఆవిడ అతని చొక్కా బొత్తాం ఒకటి ఊడిపోయి ఉంటే, తన జాకెట్టుకున్న పిన్నీసు తీసి పెట్టింది. ఆయన ఎక్కాడు. లాంచీ మలుపు తిరిగేదాకా ఆవిడ కటకటాలు పట్టుకుని తిడుతూనే ఉంది: తలకు తుండుగుడ్డ చుట్టుకోమని, అంచున నిలబడొద్దని, దొంగమొకమా అని.

లంకలో మిగిలింది యాభై ఆరుగురం. పొడిచినవాళ్ళు ముగ్గురు, దోచినవాళ్ళు పాతికమంది, కల్తీ చేసినవాళ్ళు, కొట్టినవాళ్ళు, పన్నెండు సార్లు ఒకే గేదెను అమ్మిన పెద్దమనిషి ఒకరు. నేను. ఆవిడ.

నమోదు 7. లాంచీ వెళ్ళిన నాలుగో రోజు.

ఫోన్లు లేవు. కరెంటు లేదు. మెట్టకు వెళ్ళే మా ఆఫీసు తీగ మాత్రం ఉంది, పై కప్పు మీది సోలార్ పలకలతో నడుస్తుంది. నేర చరిత్ర అందుబాటులో ఉండటం పౌరుల హక్కు కాబట్టి దాన్ని తెంచరట. తాగే నీటి గురించి అలాంటి హక్కు రాయడం వాళ్ళు మరిచిపోయినట్టున్నారు.

యాభై ఆరుగురం రోజూ నా కిటికీలో వేలిముద్ర వేయాలి. వేస్తే పేరు పక్కన 'సజీవం' అని పడుతుంది. వేలిముద్ర శోధన కిందికి రాదు.

ఇవాళ మంగతాయారు గారు వేలు తుడుచుకుంటూ, "నా లెక్క ఎంతుందో చూసి పెట్టరా బాబూ" అన్నారు. చూస్తే ఒకటి పెరుగుతుందని చెప్పాను. మూడు వేలకి ఒకటి బరువా అన్నారు. చూశాను.

3,223.

ఒప్పుకోలు నాటికి 3,219. ఇప్పుడు నేను చూసింది ఒకటి. మిగతా మూడు ఎక్కడివి? మెట్ట, తాత్కాలిక శిబిరం, తొమ్మిదో కిటికీ. సోమవారం, మంగళవారం, ఇవాళ ఒక్కొక్కటి, ఉదయం ఆరుంబావుకు. కారణం గడిలో ఏడోది: 'సజీవమో కాదో తెలుసుకొనుటకు'.

"వెతకనని ఒట్టేశాడు కదండీ!" అన్నాను. నాకు నిజంగా కోపం వచ్చింది. "మూడేళ్ళు మళ్ళీ మొదటికొచ్చాయి. మూడుసార్లు వచ్చాయి."

ఆవిడ అసలు ఆ మాట విన్నట్టు లేదు. "ఆరుంబావుకి లేచి మొకం కడుక్కుని వరసలో నిలబడ్డాడా?" అంది. "ఇక్కడ ఎనిమిదైనా లేచేవాడు కాదు." ఆ పూట ఆవిడ కిటికీ దగ్గర నుంచి చాలాసేపు కదల్లేదు.

ఆ తరవాత ఇదే దినచర్య అయింది. ఆవిడ పొద్దున్నే వచ్చి వేలిముద్ర వేసి, "ఎంత?" అంటుంది. చూస్తాను. రెండు పెరుగుతుంది, నాది ఒకటి, ఆయనది ఒకటి. "లేచాడు" అంటుంది. వెళ్ళి మా అందరి తాగునీటి తొట్టిలో నీళ్ళు కొలుస్తుంది. తొట్టి కొలకర్ర ఆవిడ చేతికే ఇచ్చారు. దొంగలందరూ కలిసి ఏకగ్రీవంగా ఇచ్చారు, దొంగని నమ్మి కొలకర్ర ఎవడిస్తాడండీ అని గేదె పెద్దమనిషే ప్రతిపాదించాడు.

నమోదు 8. ముప్ఫై మూడో రోజు.

నలభై తొమ్మిదిమందిమి. నలుగురు డ్రమ్ములు కట్టుకుని ఏరు దాటబోయారు, వాళ్ళ పేర్ల పక్కన ఇప్పుడు 'సజీవం' లేదు. ఇద్దరు విరేచనాలతో పోయారు. ఒకాయన ఎందుకు పోయాడో తెలియదు, కూర్చుని కూర్చుని ఒరిగిపోయాడు. వాన జాడ లేదు. తాగే నీళ్ళు మనిషికి రోజుకు రెండు గ్లాసులు. మాట్లాడితే నాలుక అంగిలికి అంటుకుంటోంది. నాలాంటి వాచాలుడికి ప్రకృతి విధించిన శిక్ష అని గేదె పెద్దమనిషి అన్నాడు. ఆయన పన్నెండు సార్లు అమ్మిన గేదె చివరికి ఎవరి దగ్గరుందని అడిగాను. ముందే చచ్చిపోయిందండి, పన్నెండు సార్లూ అంతే అన్నాడు.

మొన్నటికి 3,277. నిన్న చూస్తే 3,278.

ఒకటే. అది నాది.

వరస పెద్దదై ఉంటుంది అన్నాను. తొమ్మిదో కిటికీవాడు సెలవు పెట్టి ఉంటాడు, మా శాఖ సంగతి నాకు తెలియదా అన్నాను. ఆవిడ తలూపింది.

ఇవాళ 3,279. ఇదీ నాదే.

నమోదు 9. ముప్ఫై నాలుగో రోజు.

పొద్దున్నే వచ్చింది. వేలిముద్ర వేసింది. "ఎంత?" అనలేదు. కిటికీ గట్టు మీద రెండు చేతులూ ఆన్చి నిలబడింది.

"ఒట్టు గుర్తొచ్చి మానేసి ఉంటారండీ" అన్నాను. "మీ మూడేళ్ళు సాగాలని."

"అయ్యుంటది."

"లేకపోతే శిబిరం మార్చి ఉంటారు."

"అయ్యుంటది" అంది. "మందు అందలేదేమో. అదీ అయ్యుంటది. నలభై ఏళ్ళు చేశాను బాబూ ఆయనతో. ఒట్టేసి నిలబెట్టుకున్నది ఒక్కటీ లేదు."

నాకు జోకు ఏదీ తట్టలేదు. చేతిలో ఉన్న పని చేయబోయాను. తెలుసుకునే దారి ఒకటుంది, అది చాలా సులువు: కొల్లాబత్తుల సత్తిరాజు, తల్లి పేరు, పుట్టిన లంక, కారణం ఏడు. తెర మీద ఆయన పేరు పక్కన ఆ మాట ఉంటుంది, లేదా ఉండదు. ఒక్క నిమిషం పని. సగం పేరు కొట్టాను కూడా.

ఆవిడ కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా మణికట్టు పట్టుకుంది. వలదారం గీతలు గరుగ్గా తగిలాయి.

"వద్దు."

"పోయి ఉంటే ఇంక పోయేదేముందండీ? చూస్తే తెలుస్తుంది కదా."

"ఉంటే?"

నేను వేళ్ళు మీటల మీంచి తీశాను.

"ఉన్నాడనుకోండి. మనం చూశాం. ఏడాది తిరక్కుండా లంక నించి పేరు పడింది. ఎనక్కి తోలేత్తారు. సూదిమందు లేని చోటికి." ఆవిడ గొంతు ఎప్పటిలాగే ఉంది, తొట్టిలో ఎన్ని అంగుళాలున్నాయో చెప్పేటప్పటి గొంతు. "ఆయన కాయితం తెల్లగా ఉండనీండి బాబూ. ఆ కాయితమొక్కటే తెల్లది మా ఇంట్లో."

కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటీ చెరిపాను. ఆవిడ నిలబడి చివరి అక్షరం దాకా చూసింది.

"నా పేరు కూడా ఇంక చూడకండి" అంది. "మూడేళ్ళన్నారుగా."

"అన్నారండి."

"ఇయ్యాల్టి నించి లెక్క." అని కొలకర్ర తీసుకుని తొట్టి వైపు నడిచింది.

తొట్టిలో ఉన్నవి పదకొండు రోజుల నీళ్ళు. నిన్న సాయంత్రం ఆ లెక్క చెప్పింది ఆవిడే.